మంచము ప్రక్కని చాకిరికి వెల యెంత?

బోధనునుండి బాన్సువాడకు పోవు బాటమీద వర్ని యున్నది. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువనీరు పారు నేల అది. ఆ నీటి నాశ్రయించి కృష్ణా గోదావరీ తీరములనుండి తరలివచ్చిన రైతులు నెలకొల్పుకొన్న ‘క్యాంపులు’ నేటికిని ఆ పేరుతోనే ఆ చుట్టుప్రక్కల నిలిచియున్నవి. వరికోతల కాలమున ఆ ప్రాంతపు బాటలపై ట్రాక్టర్లు, కోతయంత్రములు, వడ్లబస్తాల లారీలు, కూలీల నెక్కించుకొన్న ట్రాలీలు, ఇద్దరు ముగ్గురు కూర్చున్న మోటారు సైకిళ్లు ఒకదాని నొకటి ఒరసికొని పోవుచుండును. బడాపహాడు దర్గాకు పోవు యాత్రికుల బండ్లును వానిలో కలియును. ఇట్టి బాటలున్న చోట ప్రమాదమను మాట కొత్తది కాదు. ప్రమాదమున మరణించినవానిని గూర్చి ఊరంతయు మాటలాడుకొనును. పత్రికలో నాలుగు పంక్తులు పడును. మరణింపక, నడుము విరిగియో తలకు దెబ్బ తగిలియో ఇంటికి తిరిగివచ్చినవానిని గూర్చి నెల గడచిన పిదప ఎవ్వరును తలపరు. వాని కథ అప్పుడే మొదలగును. వానికి చాకిరి చేయువారి కథయు అప్పుడే మొదలగును.

వెన్నెముక దెబ్బతిన్నవాని ఉపచార మెట్టిదో చూడనివారికి తెలియదు. రెండేసి గంటల కొకసారి పక్క మార్చవలెను. మార్చనిచో పిరుదులమీద, మడమలమీద పడకపుండ్లు లేచును. లేచిన పుండు ఒక్కొకప్పుడు ప్రాణమునే తీయును. మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచుట, ఒడలు తుడుచుట, బిగిసిపోవుచున్న కీళ్లను ఆడించుట, జావ త్రాగించుట, ఇవి యన్నియు పగటి పనులు మాత్రమే. రాత్రి పండ్రెండింటికి, రెండింటికి, నాలుగింటికి మరల లేవవలసినదే. ఈ పని ఒక్కరివలన కాదు. మొదట ఇల్లాలు నాట్లకు, కలుపునకు పోవుట మానును. ఆమె అలసినపుడు ముసలితల్లి కూర్చుండును. ముసలితల్లికి చేతకానప్పుడు పెద్దకూతురు బడి మానును. ఈ సంగతి ఊరికంటె ముందు హాజరుపట్టీకి తెలియును. తొమ్మిదవ తరగతి బాలిక వారమునకు రెండు రోజులు రాదు. పిదప నాలుగు రోజులు రాదు. కారణ మడిగినచో, “నాయిన దగ్గర ఎవ్వలు లేరు సార్” అనును. ఆ మాటలో ఒక కుటుంబము కోల్పోయిన కూలియు, కోల్పోవుచున్న చదువును ఇమిడియున్నవి.

ఇన్ని బీమాలుండగా ఈ నష్టమును ఏదియు చూడదా యని అడుగవచ్చును. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్సకు, ఆసుపత్రి పడకకు డబ్బిచ్చును. ఆసుపత్రి గుమ్మము దాటి ఇంటిలోనికి రాదు. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 14న ప్రారంభించిన రైతుబీమా, 18 మొదలు 59 ఏండ్ల వయస్సుగల రైతు ఏ కారణముచే మరణించినను 5 లక్షల రూపాయలు కుటుంబమున కిచ్చునట్లు ఏర్పడినది. మంచి పథకమే. కాని అది మరణమునకు మాత్రమే బీమా. అదే రైతు ట్రాక్టరుక్రింద పడి మెడనుండి క్రిందికి చచ్చుబడి ఇరువది సంవత్సరములు బ్రతికినచో ఆ బ్రతుకునకు దానిలో చోటు లేదు. కేంద్రప్రభుత్వపు సురక్షా బీమా యోజన 2015లో వచ్చినది. సంవత్సరమునకు 12 రూపాయలుగా నుండిన దాని రుసుము 2022లో 20 రూపాయలైనది. రెండు కాళ్లో రెండు చేతులో శాశ్వతముగా పనికి రాకపోయినచో అది 2 లక్షలిచ్చును. ఆ 2 లక్షలు ఒక్కసారి వచ్చి, గాలిపరుపునకును, మందులకును, తెచ్చిన అప్పునకును చెల్లిపోవును. చాకిరి మాత్రము మిగిలియుండును.

ప్రభుత్వమునకు ఈ చాకిరి సంగతి తెలియకపోలేదు. నూటికి నూరుపాళ్లు వికలత్వముతో కొలువు వీడి, పరుల సాయము లేనిదే దినము గడపలేని కేంద్రోద్యోగికిని సైనికునికిని పింఛనుతోపాటు ‘నిరంతర పరిచారక భత్యము’ కలదు. 2017 జూలైలో దానిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించిరి. ఆ భత్యమున కర్హుడు కాని వర్ని రైతునకు మిగిలిన త్రోవ ఒక్కటే; ప్రమాదమునకు కారణమైన వాహనము యొక్క బీమా కంపెనీనుండి మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు ద్వారా పరిహారము కోరుట. 1988 నాటి మోటారు వాహన చట్టము ‘న్యాయమైన పరిహారము’ ఇప్పించు అధికారమును ఆ ట్రిబ్యునలున కొసగినది. న్యాయమైనది యేది యను ప్రశ్నకు బదులు తీర్పులలో వెదకవలెను.

చిక్కు మొదట ఇంటిలోనే పుట్టును. “కన్నకొడుకుకు చేసిన చాకిరికి కూలి అడుగుదుమా?” అని తల్లి యనును. ఇల్లాలి నోట ఆ మాటకూడ రాదు. సేవను ఋణముగా, ధర్మముగా నెంచు జాతికి దానిని రూపాయలలో చెప్పుట సిగ్గుగా తోచుట సహజము. కోర్టులో కంపెనీ వకీలు ఆ సిగ్గునే ఆసరాగా గొనును. “జీతమిచ్చి ఎవరినైన పెట్టుకొంటిరా?” అని యడుగును. లేదని సాక్షి చెప్పును. “జీతమిచ్చినట్లు రసీదు గలదా?” లేదు. ఖర్చు కానిదానికి పరిహార మెక్కడిదని వాదము ముగించును. నర్సును పెట్టుకొనగల ధనికునికి నర్సుజీతము వచ్చును. పెట్టుకొనలేక తానే కూలి మానుకొన్న ఇల్లాలికి ఏమియు రాదు. ఈ వాదమును చివరివరకు అంగీకరించినచో తప్పు చేసిన వాహనము తరఫువారికి ఆ తల్లి ఉచితముగా పనిచేసిపెట్టినట్లగును.

ఈ ప్రశ్న ఇంగ్లండులో 1973లో సూటిగా తేలినది. ఆరేండ్ల బాలుని కాలు లారీక్రింద నలిగినది. ప్రతిదినము కట్టు కట్టవలసి వచ్చి, తల్లి తన చిన్న ఉద్యోగమును మానుకొన్నది. ఆమె జీతనష్టమును బాలుడెట్లు అడుగునని ప్రతివాదులు వాదించిరి. అప్పీలు కోర్టు ఆ వాదమును త్రోసివేసినది. నష్టము తల్లిది కాదు, బాలునిదే. ఆ నష్టము ఉపచారము అవసరము కావలసి వచ్చుటయే. ఆ అవసరమును డబ్బిచ్చి తీర్చుకొన్నను, ప్రేమచే ఎవరైన తీర్చినను, అవసరము అవసరమేనని దాని తర్కము. 1977లో ఆస్ట్రేలియా హైకోర్టును ఇదే త్రోవ పట్టినది. మన దేశమున 1981లో ఢిల్లీ హైకోర్టు, ఇంటివారు ఉచితముగా చేసిన సేవను సాకుగా చూపి బాధితుని పరిహారమును తగ్గించరాదని తీర్పు చెప్పినది. అయినను క్రింది ట్రిబ్యునళ్లలో చాలకాలము ‘పరిచారకుని ఖర్చు’ అను పద్దుక్రింద ఆసుపత్రిలో గడిపిన దినములకు మాత్రము కొన్ని వేలు వ్రాసి సరిపెట్టుట సామాన్యముగా నుండెను. అంచనాకు ఒక పద్ధతి లేకపోవుట దానికి ముఖ్యకారణము.

తెలుగునాటనుండి సుప్రీంకోర్టుకు పోయిన ఒక వ్యాజ్యములో ఈ లెక్క మొదటిసారి పెద్ద యెత్తున కనపడినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 1990లో జరిగిన శస్త్రచికిత్స పిదప ఇరువదేండ్ల ఇంజనీరింగు విద్యార్థికి నడుముక్రింది భాగము చచ్చుబడినది. అది బీమా కేసు కాదు, వైద్యుల అశ్రద్ధకు సంబంధించినది. అతడు చక్రాలకుర్చీలో సుప్రీంకోర్టుకు వచ్చి తన వాదమును తానే వినిపించెను. 2009 మే నెలలో ఆ న్యాయస్థానము 1 కోటి రూపాయల పరిహారము విధించుచు, నర్సు సేవకు నెలకు 4,000 రూపాయల చొప్పున 30 సంవత్సరములకు 14,40,000 రూపాయలు కట్టినది. ఉపచారమునకు ప్రత్యేకమైన పద్దు, నెలసరి వెల, సంవత్సరముల లెక్క మూడును ఒక్కచోట చేరినవి.

ఇక రోడ్డు ప్రమాదముల విషయమున అందరును చదువదగిన తీర్పు 2020 ఫిబ్రవరి 5న వెలువడినది. 2007 అక్టోబరులో హర్యానాలో తల్లిదండ్రులతో ట్రాక్టరుపై పోవుచున్న పండ్రెండేండ్ల బాలికను వెనుకనుండి వచ్చిన లారీ ఢీకొన్నది. తలకు తగిలిన దెబ్బచే ఆ బాలిక వ్యవహారజ్ఞానము తొమ్మిది నెలల శిశువు స్థాయికి పడిపోయెనని వైద్యులు తేల్చిరి. శరీరము పెరుగును, మనస్సు పెరుగదు. జీవితాంతము ఎత్తి దింపవలెను. ట్రిబ్యునలు 11 లక్షల పైచిలుకు, హైకోర్టు 25 లక్షల పైచిలుకు ఇప్పించినవి. హైకోర్టు పరిచారకుని ఖర్చును నెలకు 2,500 రూపాయలుగా 44 సంవత్సరములకు గణించినది. సుప్రీంకోర్టులో ఈ వ్యాజ్యమును విన్నవారు న్యాయమూర్తులు దీపక్ గుప్తాయు, చీరాలలో జన్మించిన లావు నాగేశ్వరరావును. వారు రెండు మాటలు చెప్పిరి. ఇరువదినాలుగు గంటలు ఒక్క మనిషి పనిచేయజాలదు గనుక ఇద్దరు పరిచారకులు కావలెను అనునది మొదటిది. ఇన్ని సంవత్సరములని ఊహించి పెంచుట సరికాదు, ఆదాయనష్టమునకు వాడు గుణకమునే ఇక్కడను వాడవలెను అనునది రెండవది.

విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. ఒక్కొక్కరికి నెలకు 5,000 రూపాయలు, ఇద్దరికి 10,000. సంవత్సరమునకు 1,20,000. బాలిక వయస్సునకు గుణకము 18. గుణించిన 21,60,000 రూపాయలు. మొత్తము పరిహారము 62,27,000కు చేరినది. ఆమె ఇంకను నలువదేండ్లు బ్రతుకవచ్చును గదా, 18 మాత్రమే యెందుకని సందేహము కలుగును. డబ్బు నెలనెల కాక ఒక్కసారిగా చేతికి వచ్చును; దానిపై వడ్డీ వచ్చును; ఆ వడ్డీని, మూలమును కొంచెము కొంచెముగా వాడుకొనుచు పోయినచో ఎక్కువ సంవత్సరములకు సరిపోవునని ఈ గుణకము యొక్క ఆలోచన. 2009లో సుప్రీంకోర్టు ఖాయపరచిన పట్టికలో 15 మొదలు 25 ఏండ్లవరకు గుణకము 18. 31 మొదలు 35 వరకు 16. వయస్సు పెరిగినకొలది తగ్గుచు 65 దాటినవారికి 5కు వచ్చును. ఈ లెక్కప్రకారము ముప్పదినాలుగేండ్ల వర్ని కూలీకి ఇద్దరు పరిచారకులు కావలసివచ్చినచో, నెలకు అదే 5,000 రూపాయల రేటున 19,20,000 రూపాయలగును. 2007 నాటి ప్రమాదమునకు గట్టిన 5,000 రూపాయల రేటు నేటి కూలిధరలకు చాలనిదని వర్నిలో ఏ ఇల్లాలైనను చెప్పగలదు.

ఆ హర్యానా కుటుంబము ట్రాక్టరుపై నుండెను. కాని ఢీకొన్నది లారీ. వర్ని వంటి చోట ట్రాక్టరే బోల్తాపడుటయు గలదు. అప్పుడు కథ వేరు. ట్రాక్టరుమీద డ్రైవరునకు తప్ప ఆసనము లేదు. మడ్‌గార్డుమీద కూర్చున్నవానిని బీమా యెరుగదు. ట్రాలీ సరకు బండి. సరకు బండిలో ఊరక ఎక్కి పోవువారికి కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తేల్చినది. 1994 సవరణ పిదప సరకు యజమానికిని, అతని ప్రతినిధికిని మాత్రము రక్షణ కలిగినది. కూలీల పేరిట విడిగా ప్రీమియము కట్టియుంటిరా లేదా యనునది పాలసీ కాగితములో చూచుకొనవలసినది. కంపెనీ మొదట చెల్లించి పిదప యజమానినుండి రాబట్టుకొనవలెనని కొన్ని తీర్పులు దయ చూపినవి గాని, అది ప్రతి కేసునకు వచ్చు హక్కు కాదు. పెండ్లికి, జాతరకు ట్రాలీనెక్కి పోవు జనసమూహమును చూచినపుడు ఈ సంగతి గుండెను కలచివేయును.

మోటారు సైకిలు వెనుక కూర్చున్న భార్య గతియు ఇట్టిదే. ‘థర్డ్ పార్టీ’ పాలసీ మాత్రమే యున్నచో వెనుక కూర్చున్నవారికి అది వర్తింపదని 2006లో సుప్రీంకోర్టు చెప్పినది. ఊళ్లలో ‘ఫుల్ ఇన్సూరెన్సు’ అను ప్యాకేజీ పాలసీ యున్నచో వర్తించును. ఈ రెంటికిని గల వ్యత్యాసమును బండి కొనునాడు అడుగువారు అరుదు. ఇంగ్లండులో ఇట్టి మోటారు సైకిలు కథ ఒకటి విచిత్రముగా ముగిసినది. కాబోయే భర్త నడుపుచున్న బండి వెనుక కూర్చున్న యువతి నడుము చచ్చుబడినది. అతడు ఆమెను విడువలేదు. 1990లో పెండ్లాడి, తానే ఉపచారము చేసెను. ఆ ఉపచారమునకు వెల యిమ్మని ఆమె వ్యాజ్యము. ఆ డబ్బు ఉపచారము చేసినవాని నిమిత్తము బాధితురాలు ధర్మకర్తగా ఉంచుకొనవలసినది; ఇక్కడ ఉపచారము చేసినవాడును, నష్టమిచ్చుకొనవలసినవాడును ఒక్కడే గనుక ఆ పద్దు చెల్లదని 1994లో ప్రభువుల సభ తీర్పు. చెల్లించునది భర్త కాదు, కంపెనీ యను సంగతిని ఆ తర్కము లెక్కలోనికి తీసికొనలేదు. న్యాయశాస్త్రము ఒక్కొకప్పుడు ఇంతటి నేర్పుతో దారి తప్పును.

ఇంటిపనికి వెల లేదను భావము ఎంత లోతైనదో మరియొక తీర్పు చూపుచున్నది. 2001 జనగణనలో ఇంటిపని చేయు స్త్రీలను బిచ్చగాండ్రతోను ఖైదీలతోను కలిపి పని చేయనివారి క్రింద లెక్కించుటను సుప్రీంకోర్టు 2010లో తీవ్రముగా విమర్శించినది. 2021 జనవరిలో, కృష్ణాజిల్లా పొన్నవరమున పుట్టిన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణ ఒక బీమా వ్యాజ్యములో విడిగా వ్రాసిన తీర్పున 2019 నాటి జాతీయ సర్వేను ఉదాహరించెను. ఇంటివారికొరకు జీతములేని గృహకృత్యములలో స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు గడపుచున్నారు. పిల్లలను, రోగులను, వృద్ధులను చూచుకొనుటలో స్త్రీ 134 నిమిషములు, పురుషుడు 76 నిమిషములు. ఇవి దేశమంతటి సగటులు. మంచము పట్టినవాడున్న యింటిలో ఆ 134 నిమిషములు ఎన్ని రెట్లగునో ఆ బడి మానిన బాలిక చెప్పవలెను.

ఈ భారమును కోర్టులకు విడువక బీమాలోనే చేర్చిన దేశములు లేకపోలేదు. న్యూజిలాండులో 1974 ఏప్రిలునుండి ప్రమాదము ఎవరి తప్పు అన్న విచారణ లేకుండ పరిహార మిచ్చు ప్రభుత్వ సంస్థ యున్నది. ఇంటివారు చేయు పరిచర్యకును అక్కడ డబ్బు దొరకును. జర్మనీలో 1995లో అమలైన ఉపచార బీమా, రోగిని ఇంటిలో చూచుకొను బంధువుల నిమిత్తము నెలనెల నగదు ఇచ్చుటయే కాక, ఉద్యోగము మానుకొన్న ఆ బంధువుల వృద్ధాప్యపు పింఛనునకు చందా సైతము కట్టును. అక్కడ తల్లి సిగ్గుపడవలసిన పని లేదు. డబ్బు చట్టప్రకారము ఇంటికే వచ్చును.

ఇక్కడ మాత్రము అడిగి తీసికొనవలెను. అడుగుటకు కాగితము కావలెను. సదరం శిబిరములో వైద్యులిచ్చు ధ్రువపత్రము వికలత్వము నూటికెంతయో చెప్పును గాని మనుషులెందరు కావలెనో చెప్పదు. “ఈ రోగికి రాత్రింబవళ్లు ఇద్దరి సాయము జీవితాంతము అవసరము” అను ఒక్క వాక్యమును చికిత్స చేసిన వైద్యుడు వ్రాసి, సాక్ష్యము చెప్పినచో పరిచారక పద్దునకు అదియే ఆయువుపట్టు. ఇల్లాలు మానుకొన్న పనిదినముల లెక్క, ఉపాధిహామీ పనికార్డు, బాలిక హాజరుపట్టీ నకలు కూడ సాక్ష్యములే. చదువుకొన్న పిల్ల ఒక నోటుపుస్తకములో ఏ గంటకు ఎవరు పక్క మార్చిరో వ్రాసికొనినచో ఆ వ్రాతను చూపవచ్చును. దరఖాస్తును ప్రమాదము జరిగిన చోటనే కాక బాధితుడు నివసించు చోటను వేయవచ్చును. హైదరాబాదులో దెబ్బతగిలినవాడు నిజామాబాదు ట్రిబ్యునలునకు పోవచ్చును. 2022 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టినది. ఆ గడువు చెల్లునా యన్న వివాదము సుప్రీంకోర్టుకు పోయినది గాని, దానిని నమ్మి ఆలసించుట తెలివి కాదు. అడిగినదానికంటె ఎక్కువయు ఇప్పించు అధికారము ట్రిబ్యునలునకు గలదని సుప్రీంకోర్టు చెప్పియున్నది; కావున దరఖాస్తులో పరిచారక పద్దు వ్రాయుట మరచినవారును విచారణలో ఆ మాట యెత్తవచ్చును.

డబ్బు వచ్చిన పిదప మరియొక ప్రశ్న మిగులును. చదువురాని బాధితులకు, మైనర్లకు వచ్చిన మొత్తమును బ్యాంకులో దీర్ఘకాలపు డిపాజిటుగా నుంచి వడ్డీని మాత్రము నెలనెల ఇప్పించవలెనని 1993లో సుప్రీంకోర్టు మార్గము చూపినది. దళారుల చేతినుండి కాపాడుటకు అది మంచిదే. కాని ఆ డిపాజిటు బాధితుని పేర నుండును. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చిన ఇల్లాలి పేరు, బడి మానిన బాలిక పేరు ఆ పాసుపుస్తకములో ఉండవు. ఇంగ్లండువారు ఊహించిన ధర్మకర్త పద్ధతి ఇక్కడ లేదు. పరిచారకుని జీతమని లెక్కగట్టిన సొమ్ములో కొంత, ఆ పని చేయుచున్నవారి ఖాతాలో నెలనెల వేయుమని ఆజ్ఞాపించుటకు ట్రిబ్యునలునకు చట్టములో ఆటంకమేమియు కానరాదు.